పదో కార్డు

ముందు పోయినవన్నీ లెక్క చెప్పేస్తాను. ఇంటి కోసం ఇచ్చిన అడ్వాన్సు రెండు లక్షలు. అగ్రిమెంటు స్టాంపు కాగితాలకూ, రాసినాయనకూ కలిపి రెండు వేల ఆరు వందలు. మా కంపెనీ ఫైలు ఛార్జీ, లాయరు కాగితాలు చూసిన ఛార్జీ, ఇంజినీరు వచ్చి ఇల్లు కొలిచిన ఛార్జీ కలిపి పద్నాలుగు వేల ఏడు వందల యాభై. నాగాయలంక నుంచి బందరుకు పదకొండు సార్లు బస్సు, రానూపోనూ నూట అరవై చొప్పున పదిహేడు వందల అరవై. ఆ పదకొండు రోజులూ చేపల బేరం లేదు కాబట్టి రోజుకు ఏడు వందల లెక్కన ఏడు వేల ఏడు వందలు. కారిపోయే పాత ఐసు పెట్టెలో మూడు దఫాలుగా పాడైన సరుకు మూడు వేల రెండు వందలు. మొత్తం రెండు లక్షల ముప్ఫై వేల పది రూపాయలు.

నా ఉద్యోగం ఇందులో లేదు. కలుపుదామని నేనే అన్నాను. "అది మీ ఖాతా అండీ, నా ఖాతాలో కలపమాకండి" అంది ఆవిడ. చివరి పది రూపాయలు మాత్రం వదిలేసింది. నాలుగేళ్ళ పరిచయంలో ఆవిడ నాకు ఇచ్చిన రాయితీ అదొక్కటే. అదీ ఎంతోకాలం నిలవలేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను చదివింది పదో తరగతి. గుడివాడలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరి, అక్కడ బస్తాలు, తరుగు, వడ్డీ లెక్కలు చూసి చూసి నేర్చుకున్నాను. కాలిక్యులేటరు మీద వేలు పెట్టేవాడి కంటే ముందు నోటితో జవాబు చెప్పడం నాకు సరదా. సరదా అంటే మర్యాదగా చెబుతున్నాను. అసలు పేరు పొగరు. ఆ పొగరు చూసే బందరులో ఇళ్ళ అప్పులిచ్చే ఒక ప్రైవేటు కంపెనీ బ్రాంచిలో నాకు ఉద్యోగం ఇచ్చారు. పొద్దున్నే గుడివాడలో రైలెక్కి, పెడన దాటేలోపు పక్కసీటు వాళ్ళకు కూడా వాళ్ళ వాయిదాలు లెక్కగట్టి చెప్పి, బందరులో దిగేవాణ్ణి. అట్లా పదకొండేళ్ళు. ఇప్పుడు ఇలాంటి కంపెనీల్లో చేరుతున్న కుర్రకారు నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్ళకు నా విజయాలు చెప్పను, ఎందుకంటే వాటికి లెక్క లేదు, నిజంగానే రాసి పెట్టుకోలేదు. రాసిపెట్టుకున్నది ఇదొక్కటే.

ఆవిడది నాగాయలంక. భర్త పడవ మీద వేటకు వెళ్తాడు. తెచ్చిన చేపలూ, రేవులో పాడుకున్న చేపలూ కలిపి ఆవిడ రోజూ బస్సులో అవనిగడ్డ తెచ్చి అమ్ముతుంది. ఉన్న ఇల్లు పల్లంలో ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా సామాను మంచాల మీదకు ఎక్కించి, మనుషులు బడికి వెళ్ళి పడుకోవాలి. "మా ఇంట్లో మంచాలున్నది మేం పడుకోడానికి కాదండీ, బియ్యం బస్తా పడుకోడానికి" అని మొదటిరోజే నాతో అంది. అవనిగడ్డలో మార్కెట్టుకు దగ్గర్లో రెండు గదుల స్లాబు ఇల్లు అమ్మకానికి వచ్చింది, ధర పద్నాలుగు లక్షలు. నేల రోడ్డు కంటే మూడడుగుల ఎత్తు. ఆవిడకు ఆ ఇంట్లో నచ్చింది ఆ మూడడుగులే. రంగు చూడలేదు, వాస్తు చూడలేదు. చుట్టూ ఇళ్ళ వాళ్ళను అడిగి, పెద్ద వానకు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో గోడ మీద బొగ్గుతో గీత గీయించుకుని చూసింది. నేను చూసిన ఇంజినీర్లలో ఎవరూ అంత పని చేయలేదు.

రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి తొంభై రోజుల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంది. గడువులోగా మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషను చేయించుకోకపోతే అడ్వాన్సు అమ్మినవాళ్ళదే అవుతుందని అందులో ఉంది. మా దగ్గర అలాంటి మాట లేని అగ్రిమెంటు ఉండదు. చేతిలో ఇంకో మూడు లక్షలు, రిజిస్ట్రేషను ఖర్చులకు వేరే మూట ఉన్నాయి. కావాల్సింది తొమ్మిది లక్షలు.

లెక్క చూడండి. ఆవిడ నెల ఆదాయం ఇరవై నాలుగు వేలని మా వాళ్ళు కట్టారు. అందులో సగం, అంటే పన్నెండు వేలకు మించి వాయిదాలు ఉండకూడదు. పదమూడు శాతం వడ్డీకి పదిహేనేళ్ళయితే లక్షకు నెలకు పన్నెండు వందల అరవై ఐదు రూపాయల చిల్లర. తొమ్మిది లక్షలకు పదకొండు వేల మూడు వందల ఎనభై ఏడు. పన్నెండు వేలలో తీసేస్తే ఆరు వందల పదమూడు రూపాయలు మిగిలింది. ఆ ఆరు వందల పదమూడే ఆవిడకూ ఆ ఇంటికీ మధ్య ఉన్న జాగా.

నేను ఈ లెక్క నోటితో చేస్తుంటే ఆవిడ కూడా వేళ్ళు మడుస్తోంది. మా పక్క చేపలు, పీతలు నాలుగేసి లెక్కపెడతారు. నాలుగు ఒక పుంజీ. ఆవిడ వేలల్ని కూడా పుంజీల్లోనే లెక్కపెడుతుంది.

"అంటే నెలకి మూడు పుంజీలకి తక్కువ, అంతేగదండీ?" అంది.

"అంతే."

"తేలిక. నేను రోజూ మోసే గంప అంతకంటే బరువు."

అప్పు మంజూరైనట్టు కాగితం వచ్చింది. ఇప్పుడు నేను అందరికీ చెప్పే పాఠం ఆవిడకూ చెప్పాను. మంజూరు కాగితం వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. చెక్కు రాసే రోజు పొద్దున కంపెనీ మళ్ళీ ఒకసారి ఆవిడ పేరు మీద అప్పులన్నీ తిరగేస్తుంది. ఈ మధ్యలో ఎక్కడ కొత్త అప్పు కనపడినా మొత్తం ఆగిపోతుంది. అందుకని కొత్త ఫోను వాయిదాల్లో కొనొద్దు, టీవీ కొనొద్దు, ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దు, ఎవరడిగినా ఫోన్లో వచ్చిన నంబరు చెప్పొద్దు.

"మా తోడికోడలు అడిగినా?"

"తోడికోడలు అడిగితే అసలు చెప్పొద్దు."

"దేవుడు అడిగితే?"

"ఆయనకి ఆల్రెడీ తెలిసే ఉంటుంది. చెప్పొద్దు."

ఆవిడ నవ్వి, ఆ నాలుగు వద్దులనూ ఒక పుంజీగా కట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక మా బ్రాంచి సంగతి. మేనేజరు ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, పెద్ద చదువు చదివాడు. నన్ను "బాబాయ్" అనేవాడు, నేను ఆయన్ని "సార్" అనేవాణ్ణి. ఇద్దరికీ ఇబ్బంది లేని ఏర్పాటు. పక్క కౌంటర్లో క్యాషియరమ్మ. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చదువుతుంది. హెడ్డాఫీసు పంపే సర్క్యులర్లు మా బ్రాంచిలో పూర్తిగా చదివే మనిషి ఆమె ఒక్కతే. చదివి, ప్రింటు తీసి, గోడకు పిన్ను కొట్టేది. ఆ గోడ సరిగ్గా నా కుర్చీ వెనక ఉండేది. నేను వాటిని చదవలేదు గానీ రోజూ ఎనిమిది గంటలు ఆనుకుని కూర్చున్నాను.

ఆ సంవత్సరం మా కంపెనీ ఇంకో కంపెనీతో కలిసి వాయిదాల కార్డులు అంటగట్టడం మొదలుపెట్టింది. టీవీ, ఫ్రిజ్ షాపుల్లో ఆ కార్డు చూపిస్తే ముప్ఫై వేలదాకా వాయిదాల మీద సరుకిస్తారు. ప్రతి ఉద్యోగీ నెలకు పది కార్డులు చేయించాలి. చేయించకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, అందుకే అందరం భయపడేవాళ్ళం. మా వాళ్ళ పద్ధతి ఒకటుంది. నెలాఖరుకు లెక్క తక్కువైతే బయట ఎవర్నీ వెతకరు. బ్రాంచిలో బెంచీ మీద కూర్చున్న కస్టమర్లనే పట్టుకుంటారు. వాళ్ళ ఆధార్, పాన్, ఫొటో అన్నీ మన దగ్గర ఉంటాయి. వాళ్ళకు మన అవసరం ఉంటుంది. ఇంకేం కావాలి?

ఆ నెలాఖరున నాకు తొమ్మిదయ్యాయి.

సాయంత్రం నాలుగింటికి మేనేజరు బయటికొచ్చి నా టేబుల్ మీద వేళ్ళతో దరువేశాడు. "బాబాయ్, తొమ్మిది అనే అంకె నాకు నచ్చదు."

"నాకూ నచ్చదు సార్."

"పదైతే రౌండు ఫిగరు."

అదే సమయానికి ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉంది. అది ఆవిడ పదో రాక. అంతకుముందు వచ్చిన ప్రతిసారీ మేము ఆవిడకు ఏదో ఒకటి చెప్పాం. సర్వర్ పని చేయడం లేదు. సారు మీటింగులో ఉన్నారు. ఆధార్ జిరాక్సు మసగ్గా ఉంది, ఇంకోటి తేవాలి. ఆ రోజు మసకలేని జిరాక్సు తెచ్చింది.

నా దగ్గరకు రాగానే గొప్పగా చెప్పింది. "సారూ, ఐసు పెట్టె కారిపోతందండీ. అవనిగడ్డలో షాపాయన కొత్తది వాయిదాల మీద ఇస్తానన్నాడు. నేనొద్దన్నా. ఇల్లు చేతికొచ్చేదాకా ఏదీ వద్దని మా సారు చెప్పాడని అన్నా. నిన్న అరగంప వంజరం మెత్తబడిపోయింది. అయినా తీసుకోలా."

"మంచి పని చేశావమ్మా" అన్నాను. అని, కంప్యూటర్లో పదో కార్డు దరఖాస్తు తెరిచాను.

నన్ను చెడ్డవాడనుకోండి, అభ్యంతరం లేదు, కానీ తెలివితక్కువవాడని కూడా అనుకోవాలి. ఎందుకంటే ఆ క్షణంలో నా బుర్రలో ఒక లెక్క ఉంది. కార్డు వాడితేనే అప్పు, వాడకపోతే సున్నా. పదకొండేళ్ళుగా మా కంపెనీ అలాగే చూసేది. ఆవిడ ఎలాగూ వాడదు. కాబట్టి ఆవిడకు నష్టం సున్నా, నాకు పది. ఎంత అందమైన లెక్క!

"ఫోన్‌కి ఆరు అంకెల నంబరు వస్తుందమ్మా, చెప్పు" అన్నాను.

ఆవిడ ఫోను పట్టుకుని నా వంక చూసింది. "ఎవరడిగినా చెప్పొద్దన్నారు గదండీ."

"నేను అడుగుతున్నాగా. ఇది కూడా ఫైలుకేనమ్మా."

చెప్పింది. ఎందుకు చెప్పదు? చెప్పొద్దన్నవాణ్ణీ నేనే, చెప్పమన్నవాణ్ణీ నేనే.

క్యాషియరమ్మ తలెత్తింది. "ఏవండీ, ఆవిడ ఫైలు నడుస్తోంది కదా. ఇప్పుడు కార్డెందుకు?"

"వాడకపోతే సున్నానేనమ్మా" అన్నాను.

"గోడ మీద ఉంది చూడండి."

"గోడలో ఏముంటుందమ్మా, బల్లులు ఉంటాయి" అన్నాను. మేనేజరు గట్టిగా నవ్వాడు. నా జోకుకు మేనేజరంతటివాడు నవ్వాడని నేను మురిసిపోయాను. మీకు ఉద్యోగంలో ఎప్పుడైనా పైవాడు మీ జోకుకు నవ్వితే, వెంటనే వెనక్కి తిరిగి గోడ చూడండి.

రిజిస్ట్రేషను రోజు వచ్చింది. గడువులో అది తొంభయ్యో రోజు. అంత చివరికి ఎందుకు పెట్టుకున్నారంటే, పైన చెప్పిన సర్వర్లూ మీటింగులూ జిరాక్సులే కారణం. ఆవిడ అప్పటికే అవనిగడ్డ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఉంది. నేను చెక్కు తీసుకుని వెళ్ళాలి. పొద్దున పదింటికి చెక్కు ప్రింటు కొట్టే ముందు సిస్టం చివరిసారి తనిఖీ చేసింది. తెర మీద ఎర్రగా వచ్చింది. కొత్త అప్పు కనిపించిందట. వాయిదాల కార్డు, పరిమితి ముప్ఫై వేలు.

మేనేజరు నా భుజం మీదుగా చూసి నాలుక కరుచుకున్నాడు. "చూశారా బాబాయ్ వీళ్ళని? చెక్కు రేపనగా పోయి కార్డు తీసుకుంది. ఎంత చెప్పినా వినరు."

"మనమే ఇచ్చాం సార్. నా పదోది."

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను వెనక్కి తిరిగి గోడ చూశాను. నా వీపు ఆనిన చోట కాగితం కాస్త నలిగి, నూనె మరక పట్టి ఉంది. ఇక నుంచి కార్డు వాడినా వాడకపోయినా దాని పరిమితిలో నూటికి ఐదు నెల వాయిదా కింద లెక్కగట్టాలని అందులో ఉంది. మూడు నెలల కిందటి సర్క్యులరు. ముప్ఫై వేలలో నూటికి ఐదంటే పదిహేను వందలు. పన్నెండు వేలలో అది తీసేస్తే పది వేల ఐదు వందలు. దానికి వచ్చే అప్పు ఎనిమిది లక్షల ఇరవై తొమ్మిది వేలు. హెడ్డాఫీసు పాతిక వేల మెట్లుగా కిందికి దించుతుంది కాబట్టి ఎనిమిది లక్షల పాతిక వేలు. తక్కువైంది డెబ్భై ఐదు వేలు. ఈ లెక్క కూడా నోటితోనే చేశాను. జీవితంలో మొదటిసారి నా స్పీడు మీద నాకే అసహ్యం వేసింది.

డెబ్భై ఐదు వేలు ఎవరి దగ్గరైనా చేబదులు తేవచ్చు. కానీ తగ్గించిన అప్పును హెడ్డాఫీసు మళ్ళీ మంజూరు చేయాలి. దానికి మూడు పనిదినాలు. కార్డు రద్దు చేయించి, అది రికార్డులో మాసిపోయేదాకా ఆగాలంటే నెల పైన. మాకున్నది సాయంత్రం దాకా.

హెడ్డాఫీసుకు ఆరు ఫోన్లు చేశాను. నాలుగుసార్లు పాట వినిపించారు. ఐదోసారి ఒకమ్మాయి మూడు పనిదినాలంది. ఆరోసారి ఇంకో అమ్మాయి అదే మాట ఇంకా తియ్యగా చెప్పింది. ఖాళీ సంచీతో చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కాను.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు నీడలో ఆవిడ, ఆవిడ భర్త, సాక్షి సంతకాలకు మార్కెట్టు నుంచి వచ్చిన ఇద్దరాడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇల్లు అమ్మే పెద్దాయనది చల్లపల్లి. ఆయన కారులో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆవిడ నన్ను దూరం నుంచే చూసి, ముఖం చూడలేదు, సంచీ చూసింది. చేపలమ్మే మనిషికి గంప బరువు నడకలో తెలిసిపోతుంది.

"సారూ, ఖాళీగా వచ్చారేంటండీ?"

చెప్పాను. ఎంత గుండ్రంగా చెప్పినా అది చివరికి ఒక్కచోటికే వచ్చింది.

"నేను కార్డు తీసుకోలేదే" అంది.

"ఆ రోజు నంబరు చెప్పావు కదమ్మా. అది కార్డుది."

"ఫైలుకన్నారు గదా?"

సాక్షుల్లో పెద్దామె అందుకుంది. "అప్పు చెయ్యొద్దని చెప్పినోడే అప్పు అంటించాడా? మా వాడలో దొంగలు కూడా ఇంత కష్టపడరే!"

నేను కారు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాను. మూడు రోజులు గడువివ్వమన్నాను. పెద్దాయన చాలా మర్యాదస్తుడు. ముందు నాకు కాఫీ తెప్పించాడు. తర్వాత అడిగాడు. "మీ కంపెనీలో వాయిదా ఒకరోజు దాటితే ఏం చేస్తారండీ?"

"ఫైన్ వేస్తామండీ."

"మూడు రోజులైతే?"

"ఎక్కువ వేస్తామండీ."

"మరి నన్నెందుకు మంచివాణ్ణవమంటున్నారు?" అన్నాడు. ఆ ఇంటికి ఇంకొకళ్ళు పదిహేనున్నర లక్షలకు సిద్ధంగా ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. అయినా ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన అగ్రిమెంటు చదివాడు, నేను సర్క్యులరు చదవలేదు.

ఐదింటికి ఆఫీసు తలుపు వేశారు. ఆవిడ ఏడవలేదు. భర్త చేతిలోని స్వీటు పెట్టె తీసుకుని సాక్షులకు తలా రెండు మిఠాయిలు పెట్టింది, వచ్చినందుకు. నాకు కూడా ఒకటి పెట్టింది. నా ఉద్యోగంలో నేను తిన్నవాటిల్లో అంత కష్టంగా దిగింది మరొకటి లేదు.

మర్నాడు ఫైలు మూసేటప్పుడు కారణం రాయాలి. మేనేజరు కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పాడు. "కస్టమరు కొత్త అప్పు దాచారని రాసెయ్యండి బాబాయ్. అందరం సేఫ్. ఆవిడకెలాగూ పోవాల్సింది పోయింది."

నేను అలా రాయలేదు. నా మీద గౌరవం పెంచుకోకండి. కార్డు దరఖాస్తు మీద నా ఉద్యోగి నంబరు ఉంది. ఎవడు తెరిచినా రెండు నిమిషాల్లో దొరుకుతాను. అదే లేకపోతే ఏం రాసేవాణ్ణో ఈనాటికీ నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. "ఫైలు నడుస్తుండగా కస్టమరుకు చెప్పకుండా మేమే కార్డు ఇచ్చాం" అని రాశాను. 'మేమే' అన్నచోట క్యాషియరమ్మ పెన్ను పెట్టి కొట్టేసి 'నేనే' అని రాసింది. "నేను వద్దన్నానండీ" అంది. న్యాయమే.

రెండు నెలలకు కంపెనీ నన్ను రాజీనామా చేయమని గౌరవంగా కోరింది. మేనేజరుకు కార్డుల్లో జిల్లా ప్రథమ బహుమతి వచ్చి విజయవాడ ప్రమోషను దొరికింది. ఆ బహుమతిలో నా పదో కార్డు కూడా ఉంది. ఆవిడకు కంపెనీ ఫైలు ఛార్జీ తిరిగివ్వలేదు గానీ, మా సేవ మీకు ఎలా అనిపించిందో ఒకటి నుంచి ఐదులో నొక్కమని మెసేజీ పంపింది.

పీఎఫ్ డబ్బు నా సొంత అప్పులకు సరిపోయింది. గుడివాడలో రెండు మిల్లులకు లెక్కలు రాసే పని దొరికాక, మొదటి జీతం నుంచి నాలుగు వేలు తీసుకుని నాగాయలంక వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో చేపలు శుభ్రం చేస్తోంది. నెలనెలా తీరుస్తానన్నాను. ఆవిడే పోయినవన్నీ ఒక్కొక్కటి చెప్పింది, నేను కూడిక వేశాను. రెండు లక్షల ముప్ఫై వేల పది.

"పది వదిలేశా. నెలకో పుంజీ ఇవ్వండి" అంది.

"వడ్డీ?"

"వడ్డీ వద్దు. కానీ ఫోన్లో పంపితే కుదరదన్నయ్యా. ఒకటో తారీఖున మీరే రావాలి. నేను పదకొండుసార్లు తిరిగా."

'సారు' పోయి 'అన్నయ్య' వచ్చిందని నేను కాస్త కరిగాను. అది కనిపెట్టి ఆవిడే అంది. "మరేమనుకోమాకండి. బాకీ ఉన్నోణ్ణి సారు అంటే అలవాటైపోద్ది."

అప్పటి నుంచి ప్రతి ఒకటో తారీఖున గుడివాడలో బయలుదేరి, బందరులో ఒకటి, అవనిగడ్డలో ఒకటి బస్సులు మారి నాగాయలంకలో దిగుతాను. మొదటి నెలల్లో ఆవిడ నన్ను తిన్నగా లోపలికి రానిచ్చేది కాదు. గుమ్మంలో స్టూలు వేసి, "కూర్చోండన్నయ్యా, సర్వరు పడుకుంది" అనేది. లోపల ఆవిడ భర్త గురక వినపడేది. ఒకసారి, "మేడంగారు మీటింగులో ఉన్నారు" అని పక్కింటి ఆవిడతో చెప్పించి, గంటన్నర గోడవతల కబుర్లు చెప్పుకుంది. మరోసారి చేతిలో డబ్బు తీసుకోకుండా, "ఆధార్ జిరాక్సు తెచ్చారా?" అంది. లేదన్నాను. "మసకలేంది తెచ్చుకోండి" అని తిప్పి పంపింది. సరదాకి అంటోందనుకుని నిలబడ్డాను. సరదాకి కాదు. అవనిగడ్డ దాకా వెళ్ళి జిరాక్సు తెచ్చాను. దాన్ని ఏం చేసిందో చూశాను. ఎండు రొయ్యలు పొట్లం కట్టి నాకే ఇచ్చింది.

ఒక నెల బస్సు చల్లపల్లి దగ్గర చెడిపోయింది. నేను రెండో తారీఖు పొద్దున చేరాను. ఒక్కరోజు గడువివ్వమని బతిమాలుకున్నాను.

"నాకూ ఇవ్వాలనే ఉందన్నయ్యా," అంది ఎంతో విచారంగా, "కానీ సిస్టం ఒప్పుకోదు." వదిలేసిన పది రూపాయలు మళ్ళీ ఎక్కించింది.

నేనిచ్చిన ప్రతి పుంజీనీ ఆవిడ మర్నాడే తన బ్యాంకు ఖాతాలో వేసుకునేదని చాలాకాలం నాకు తెలియదు. మొన్న ఒకటో తారీఖున వెళ్తే స్టూలు బదులు కుర్చీ వేసింది. నాకు అనుమానం వచ్చింది. అవనిగడ్డలో ఇంకో ఇల్లు చూసిందట. ఒకటే గది, వంటిల్లు. ఎత్తు రెండున్నర అడుగులు. "అరడుగు మీ వల్ల పోయింది" అంది. ఇప్పుడు వేరే బ్యాంకులో అప్పు అడిగింది. మంజూరైంది, చెక్కు ఇంకా రావాలి. నా దగ్గర నుంచి వచ్చిన లక్షా అరవై నాలుగు వేలే ఆ ఇంటి అడ్వాన్సు.

"ఫైలు ఒకసారి చూసిపెట్టనా?" అన్నాను అలవాటుగా.

"మీరు చెయ్యి పెట్టమాకండి" అంది, చేప మీద కత్తి ఆపి. "ఒక కాగితం రాసిస్తే చాలు. నెలనెలా ఈ నాలుగు వేలు ఎక్కణ్ణుంచి వస్తందని బ్యాంకు పిల్లాడు అడిగాడు. నాకో బాకీదారుడు ఉన్నాడన్నా. నమ్మలా. ఇంకా ఎంతుందో మీరు రాసి సంతకం పెట్టాలి."

పెన్ను తీశాను. ఆవిడ ఆగమంది.

"ఇంకోటి. నా చెక్కు వచ్చేదాకా మీరు కొత్త అప్పు చెయ్యకూడదు. వాయిదాల మీద ఫోను కొనొద్దు. టీవీ కొనొద్దు. హామీ ఉండొద్దు. ఎవరడిగినా నంబరు చెప్పొద్దు. మీరు ఎక్కడైనా ఇరుక్కుంటే నా పుంజీ ఆగుద్ది, నా ఫైలు ఆగుద్ది."

నేను మాటివ్వడానికి కాస్త తటపటాయించాను. మా ఇంట్లో వాషింగ్ మెషిను చెడిపోయి పదిహేను రోజులైంది. ముందురోజే మా ఆవిడ గుడివాడలో వాయిదాల మీద ఒకటి మాట్లాడి వచ్చింది. నేను సంతకం పెట్టడమే తరువాయి. ఆ సంగతి చెప్పేశాను.

"వదినగారి నంబరివ్వండి" అంది. అక్కడికక్కడే ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, నన్ను గుమ్మం బయట కూర్చోబెట్టారు. అప్పట్నుంచి మా ఇంట్లో దుప్పట్లు నేనే ఉతుకుతున్నాను. ఆవిడ చెక్కు వచ్చేదాకా ఈ ఏర్పాటు నడుస్తుందట.

కాగితం రాశాను. పైన నా పేరు, ఊరు. నలభై ఒక్క వాయిదాలు చెల్లించాను. చెల్లించాల్సినది అరవై ఆరు వేలు. సంతకం పెట్టబోయాను.

ఆవిడకు చదవడం రాదు. వేళ్ళు మడిచి అడిగింది. "ఎంతని రాశారు?"

"అరవై ఆరు వేలు. పదహారు పుంజీలు, ఇంకో రెండు వేలు."

"పది ఏదీ?"

కొట్టేసి మళ్ళీ రాశాను. తేదీ వేసి, రెండు జిరాక్సులు తీయించి, మసక లేదని ఇద్దరం వెలుతురులో పట్టుకుని చూసుకున్నాం. ఈ రోజుకు నేను ఇవ్వాల్సినది అరవై ఆరు వేల పది రూపాయలు.